హవాయియన్ల కథలు చెప్పే పని: కెమెరా తీయకముందు, తీశాక

"అక్కా, వచ్చే శనివారం షూట్‌కి వెళ్తున్నా, ఏం ప్రశ్నలు అడగమంటావు?" అని నాకు మెసేజ్‌లు వస్తుంటాయి. అడిగేవాళ్ళలో ఎక్కువ మంది హవాయి రాజధాని హొనొలులులో చదువుకునే మన పిల్లలే. కొందరు మాత్రం ఏదైనా స్వచ్ఛంద సంస్థలోనో ఆసుపత్రిలోనో కమ్యూనికేషన్స్ ఉద్యోగం కొత్తగా దొరికినవాళ్ళు. అందరికీ నేను మొదట చెప్పేది ఒకటే. వచ్చే శనివారం షూట్ పెట్టుకోకండి, శనివారం వెళ్ళండి గానీ కెమెరా బ్యాగులోనే ఉంచండి. ఎందుకో, ఆ తర్వాత ఏం చేయాలో ఓపిగ్గా రాస్తున్నాను. హవాయియన్ల మధ్య వీడియో తీసినా, న్యూస్‌లెటర్ రాసినా, ఫోటోకి రెండు లైన్ల క్యాప్షన్ పెట్టినా ఇదే వరస.

ముందు ఎవరిని ఏమనాలో తెలుసుకోండి

ఆంధ్రలో ఉండేవాళ్ళని ఆంధ్రులన్నట్టు హవాయిలో ఉండే అందరినీ హవాయియన్లు అనకూడదు. హవాయియన్ అంటే ఆ నేల మూలవాసులు, వాళ్ళ భాషలో కానక మావోలి. చెరకు తోటల పనికి వచ్చిన జపాన్, చైనా, ఫిలిప్పీన్స్, పోర్చుగల్ వాళ్ళ మనవలు, ముని మనవలు ఉన్నారు, వాళ్ళు "లోకల్". ఉద్యోగానికో చదువుకో వచ్చిన మనం లోకల్ కూడా కాదు, అతిథులం. ఈ ఒక్క మాట తప్పు రాస్తే మీ మిగతా స్క్రిప్టు ఎవరూ చదవరు.

కొంచెం చరిత్ర కూడా తెలిసి ఉండాలి. 1893 జనవరి 17న రాణి లిలిఉఒకలానిని వ్యాపారుల గుంపు ఒకటి, తీరంలో దిగిన అమెరికన్ సైనికుల అండ చూసుకుని, గద్దె దింపింది. 1896లో బడుల్లో చదువు ఇంగ్లీషులోనే సాగాలని చట్టం వచ్చింది. బడిలో సొంత భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలకి ఆ భాష నేర్పడానికే భయపడ్డారు. 1978లో రాష్ట్ర రాజ్యాంగం హవాయియన్‌ని అధికార భాషగా గుర్తించింది. 1984లో కవాయి ద్వీపంలో మొదటి "పూనన లెఒ" శిశు పాఠశాల మొదలైంది. ఆ పేరుకి గొంతుల గూడు అని అర్థం. అంటే మీరు కలవబోయే ఇంట్లో ఆరేళ్ళ మనవరాలు హవాయియన్‌లో గలగలా మాట్లాడుతుంటే డెబ్బై ఏళ్ళ తాతకి నాలుగు వాక్యాలు కూడా రాకపోవచ్చు. అది ఆయన తప్పు కాదు, కానీ ఆయనకి మాత్రం అది గుండెలో ముల్లు. అందుకే కుర్చీలో కూర్చోబెట్టి మైకు తగిలించగానే "మీకు హవాయియన్ వచ్చా అంకుల్?" అని అడగకండి. ఆయనకి చెప్పాలనిపిస్తే ఆయనే చెప్తారు.

అన్నట్టు, పెద్దవాళ్ళని అక్కడ కూడా ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. చుట్టరికం ఉన్నా లేకపోయినా అంతే. మనకి ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన పనే లేదు.

మీరెవరో చెప్పండి, బయోడేటా మాత్రం వద్దు

మన ఊళ్ళలో కొత్త మనిషి కనిపిస్తే ఏమడుగుతారు? "ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకు?" అక్కడా అంతే. ఏ ఊరి నుంచి వచ్చావు, మీవాళ్ళెవరు, ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు, ఇవే ముందు వస్తాయి. హవాయియన్లకి వంశక్రమం చెప్పుకోవడం అంటే ప్రాణం. లోక సృష్టి నుంచి రాజవంశం దాకా రెండు వేల పైచిలుకు పాదాల్లో వల్లించే కుములిపో అనే స్తోత్రం ఉన్న జాతి అది. అలాంటి చోట "హాయ్, నేను ఫలానా సంస్థలో కమ్యూనికేషన్స్ అసోసియేట్‌ని" అంటే మీ గురించి ఏమీ చెప్పనట్టే.

నేను ఇలా చెప్తాను: మాది కృష్ణ ఒడ్డున ఊరు, మా తాత వరి, మినుము వేసేవారు, ఇంటి వెనక కాలువ గట్టు మీద చామ మొక్కలు ఉండేవి, ఈ ద్వీపానికి ఇన్నేళ్ళ కిందట వచ్చాను, మిమ్మల్ని కలవమని ఫలానా ఆంటీ పంపారు. అంతే. నది పేరు, తాత చేసిన పని, పంపిన మనిషి పేరు, ఈ మూడూ ఉంటే ఎదుటివాళ్ళకి మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుస్తుంది. పంపిన మనిషే లేకపోతే ఇంకా వెళ్ళే సమయం రాలేదన్నమాట, ముందు ఆ మనిషిని సంపాదించుకోండి.

ఇక్కడే ఒక మాట నేర్చుకోవాలి: కులెయాన. హక్కు, బాధ్యత రెండూ కలిసిన మాట ఇది. "ఈ కథ చెప్పే కులెయాన నీకు ఎక్కడిది?" అని ఎవరూ మీ ముఖం మీద అడగకపోవచ్చు, కానీ అందరి మనసులో అదే ఉంటుంది. మీకే జవాబు తెలియకపోతే ఆ కథ ఇంకొకరిది అని ఒప్పుకుని, వాళ్ళకి కెమెరా పట్టుకుని సాయం చేయండి. అది చిన్న పనేమీ కాదు.

వెళ్ళి పని చేయండి

చామ మళ్ళు (లోఇ అంటారు), పాత చేపల చెరువులు బాగుచేసే చాలా చోట్ల శనివారాలు అందరినీ పనికి పిలుస్తారు. వెళ్ళండి. నేను మొదటిసారి వెళ్ళింది ఓఆహు ద్వీపంలో గాలి వీచే వైపున్న ఒక లోఇకి. దిగగానే మోకాలి దాకా బురద. కొండ మీంచి పిల్ల కాలువలో వచ్చే నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి జారుతూ పోతుంటాయి. అచ్చం మన వరి మళ్ళే, కాకపోతే ఆ నీళ్ళు చల్లగా ఉంటాయి. కలుపు చేత్తో పీకి, అక్కడే కాలితో బురదలోకి తొక్కేయాలి. ముదిరిన దుంప తీసేశాక పైన మిగిలే కాడని హులి అంటారు, మళ్ళీ నాటేది దాన్నే. నాకు అది ఎలా పట్టుకుని గుచ్చాలో చూపించింది ఒక ఆంటీ, దాదాపు ఎనభై ఏళ్ళ మనిషి. నాలుగు శనివారాలు ఆవిడ పక్కనే కలుపు తీశాను. నాలుగో శనివారం ఆవిడే "ఆ బ్యాగులో ఏముంది, ఎప్పుడూ మోసుకొస్తావు?" అని అడిగింది. అప్పుడు తీశాను కెమెరా.

హవాయియన్‌లో ఒక సామెత ఉంది. కళ్ళతో చూడు, చెవులతో విను, నోరు మూసుకో అని దాని సారం. నేర్చుకునే పద్ధతి అదే.

ఖాళీ చేతులతో వెళ్ళకండి. ఖరీదైనవి అక్కర్లేదు. ఇంట్లో చేసిన పులిహోర డబ్బా, మీ పెరట్లో కాసిన పండ్లు, మీ చేతి కష్టం ఉన్నది ఏదైనా చాలు. దీన్ని హొఒకుపు అంటారు, కానుక అనుకోండి. ఎవరైనా మెడలో లేయి (పూలదండ) వేస్తే వద్దనకండి, వాళ్ళ ముందు తీసేయకండి. గుమ్మం బయట చెప్పులు విడవడం మనకెలాగూ అలవాటే.

భోజనాల దగ్గర ఒక జాగ్రత్త. ఉడికించిన చామదుంపని దంచి చేసే పొయి గిన్నె మూత తీసి ఉన్నంతసేపూ గొడవలు, చిరాకులు, బేరసారాలు పెట్టుకోకూడదని పాత ఆచారం. ఎందుకంటే వాళ్ళ పురాణంలో ఆకాశ తండ్రి వాకెయాకి, హొఒహోకూకలనికి పుట్టిన మొదటి బిడ్డ ఊపిరి లేకుండా పుడితే భూమిలో పెట్టారు, ఆ చోట మొలిచిందే చామ. రెండో బిడ్డ మనిషి. అంటే చామ మొక్క వాళ్ళకి పెద్దన్న. అన్నగారి ఎదుట ఎవరైనా గొంతు పెంచుతారా? కాబట్టి అనుమతి పత్రం మీద సంతకాల సంగతి అన్నం దగ్గర ఎత్తకండి. "సూపర్‌ఫుడ్ చామదుంప" అని పోస్టు కూడా రాయకండి. నేను చూసిన ఒక పోస్టర్ మీద అలాగే ఉంది. రాసినవాళ్ళకి చెడు ఉద్దేశం ఏమీ లేదు, కానీ ఇంటి పెద్దకొడుకు ఫోటో పెట్టి కింద పోషకాల పట్టిక వేసినట్టుంది.

స్థలపురాణం చదవండి

మనకి ప్రతి గుడికీ స్థలపురాణం ఉన్నట్టు వాళ్ళకి ప్రతి కొండకీ, వాగుకీ, రాయికీ కథ ఉంది. కథ ఉన్న చోటుని వహి పన అంటారు, కథని మొఒలెలొ అంటారు. ఆ మాటలోనే కథ, చరిత్ర రెండూ ఉన్నాయి, వాళ్ళు విడదీసి చూడరు. మీరు కూడా "పుక్కిటి పురాణం", "జానపద గాథ" అని రాయకండి. మొఒలెలొ అనే ఉంచండి.

వానలకి కూడా పేర్లుంటాయి. మనం కార్తెని బట్టి మృగశిర వాన, ఆరుద్ర వాన అంటాం. వాళ్ళకి ఊరిని బట్టి వాన. మానోఆ లోయలో కురిసేది తుఆహినె, హిలోలో కురిసేది కనిలెహుఅ. మీ వీడియో మొదట్లో చినుకులు చూపిస్తుంటే ఆ వాన పేరు అడిగి తెలుసుకుని రాయండి, ఆ ఊరివాళ్ళకి అక్కడే మీ మీద నమ్మకం కుదురుతుంది. దిక్కులు కూడా తూర్పు పడమర అని కాదు, మౌక అంటే కొండవైపు, మకయి అంటే సముద్రంవైపు.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? ముందు మనుషుల దగ్గర. ఆ తర్వాత పాత పత్రికల్లో. 1834లో లాహైనాలూనా బడిలో అచ్చయిన కా లామా హవాయి మొదలుకుని 1948 దాకా నూరుకి పైగా హవాయియన్ భాషా పత్రికలు నడిచాయి. మొత్తం కలిపితే దాదాపు 1,25,000 పేజీలు. కథలు, వంశావళులు, చనిపోయినవాళ్ళ మీద రాసిన శోకగీతాలు, మా చేపల చెరువు నీళ్ళు మళ్ళించారని రాసిన ఫిర్యాదు ఉత్తరాలు, అన్నీ వాటిలో ఉన్నాయి. చాలా భాగం ఇప్పుడు ఉలుకౌ, పాపకిలో అనే ఆన్‌లైన్ భాండారాల్లో ఉచితంగా చూడొచ్చు. ఇంగ్లీషులోకి వచ్చింది మాత్రం చాలా కొద్ది. భాష రానివాళ్ళం కాబట్టి మనం చేయగలిగింది ఒకటుంది. మీరు పనిచేసే ఊరి పేరు పెట్టి వెతకండి, దొరికిన పేజీలు ప్రింట్ తీసి భాష తెలిసినవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళండి. వట్టి ప్రశ్నతో వెళ్ళడం కన్నా కాగితంతో వెళ్ళడం నయం.

ఇంకో కాగితం గురించి చెప్పాలి. 1897లో, హవాయిని అమెరికాలో కలపొద్దని ద్వీపం ద్వీపం తిరిగి సంతకాలు సేకరించారు. 21,000కి పైగా పేర్లు. అప్పటి హవాయియన్ జనాభాలో సగానికి మించి. నలుగురు ప్రతినిధులు వాటిని వాషింగ్టన్ పట్టుకెళ్ళారు, విలీన ఒప్పందానికి సెనేట్‌లో కావలసిన ఓట్లు దొరకలేదు. తర్వాత 1898లో మామూలు తీర్మానంతో కలిపేసుకున్నారు, అది వేరే సంగతి. ఆ కాగితాలు వాషింగ్టన్ ఆర్కైవ్స్‌లోనే పడి ఉంటే 1990ల్లో నోఎనోఎ సిల్వా అనే పరిశోధకురాలు వాటిని మళ్ళీ జనం ముందుకి తెచ్చారు. "మా వాళ్ళు నోరు మెదపలేదు" అని బడిలో విని పెరిగినవాళ్ళు ఆ పేజీల్లో తమ ముత్తవ్వ సంతకం చూసుకున్నారు. మీరు ఏ కుటుంబం కథ చెప్పబోతున్నారో ఆ ఇంటిపేరు ఆ జాబితాలో వెతికి ఉంచుకోండి. దొరికితే వీడియోలో ఆర్భాటంగా బయటపెట్టకండి, ముందు ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ చేతికివ్వండి.

అక్షరం దగ్గర పొరపాటు చేయకండి

నా పొరపాటు చెప్తాను, దానివల్ల ఈ భాగం బాగా గుర్తుంటుంది. ఆ ఆంటీతో మొదటిసారి మాట్లాడి, ఆవిడ తన పుట్టిన ఊరి గురించి అన్న మాటని పెద్ద అక్షరాలతో ఫోటో మీద వేశాను. "కొ-ఉ ఒనె హానౌ" అన్నది ఆవిడ. ఒనె హానౌ అంటే పుట్టిన గడ్డ, వాళ్ళ మాటలో అక్షరాలా పుట్టిన ఇసుక. కొ-ఉ అంటే నా. మధ్యలో గొంతు దగ్గర చిన్న విరుపు ఉంది, రాతలో దానికి తలకిందుల కామా లాంటి గుర్తు ఉంటుంది, ఒకినా అంటారు. నా ఫాంట్‌లో ఆ గుర్తు లేదు, ఎగిరిపోయింది, నేను చూసుకోలేదు. విరుపు పోతే ఆ మాటకి అర్థం "నీ". ఆవిడ కుటుంబం ఆ ఊళ్ళో భూమి పోగొట్టుకుని రెండు తరాలయింది. ఆవిడ బొమ్మ కింద "నీ పుట్టిన గడ్డ" అని ఎవరికో రాసిచ్చినట్టు అచ్చయింది. ఫోన్ చేసి తిట్టలేదు. "అమ్మాయ్, అది నాదే కదా" అంది, అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

హవాయియన్‌కి ఉన్నవి పదమూడే అక్షరాలు: అయిదు అచ్చులు, ఏడు హల్లులు, ఒకినా. అవును, ఒకినా కూడా అక్షరమే, అలంకారం కాదు. ఇంకోటి, అచ్చు మీద అడ్డగీత. దాన్ని కహకో అంటారు, అచ్చుని సాగదీయమని దాని అర్థం. ఇంగ్లీషు వాళ్ళకి ఇది ఎంత చెప్పినా తలకెక్కదు గానీ మనకి పదం వేరు, పాదం వేరు అని ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడా దీర్ఘం మారితే మాట మారుతుంది. కుపున అంటే ఒక పెద్దమనిషి, కూపున అంటే పెద్దలు. వహినె ఒక స్త్రీ, వాహినె స్త్రీలు. పైగా ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, తెలుగులాగే అజంతం. కాబట్టి వాయిస్ ఓవర్ చెప్పేటప్పుడు తెలుగు చదివినట్టు ప్రతి అచ్చునీ విడివిడిగా పలకండి, ఇంగ్లీషు సాగతీతలు వద్దు.

పని విషయానికొస్తే, ఫోన్‌లో, కంప్యూటర్‌లో హవాయియన్ కీబోర్డు ఉంటుంది, ఈ రోజే పెట్టుకోండి. మామూలు కొటేషన్ గుర్తుని ఒకినాగా వాడకండి. మీ సంస్థ వాడే ఫాంట్‌లో దీర్ఘపు గీత, ఒకినా రెండూ సరిగ్గా వస్తున్నాయో లేదో ముందే ఒక వాక్యం కొట్టి చూడండి. డబ్బాలు డబ్బాలుగా వస్తే ఫాంట్ మార్చమని పట్టుబట్టండి, "బ్రాండ్ ఫాంట్ మార్చలేం" అంటే ఆ ఒక్క లైనుకైనా వేరే ఫాంట్ వాడదామని అడగండి. హవాయియన్ మాటల్ని వాలు అక్షరాల్లో వేయకండి, ఆ నేల మీద అది పరాయి భాష కాదు. బహువచనానికి ఇంగ్లీషు "ఎస్" తగిలించకండి. మనుషుల పేర్లకి మాత్రం మీ తెలివితో గుర్తులు పెట్టకండి, ఆ కుటుంబం ఎలా రాసుకుంటే అలాగే. చివరగా, మీరు రాసిన ప్రతి హవాయియన్ ముక్కనీ భాష తెలిసిన మనిషి చూడాలి, ఆ మనిషికి డబ్బు ఇవ్వాలి. మెషీన్ ట్రాన్స్‌లేషన్ మీద ఆధారపడకండి.

కూర్చుని మాట్లాడండి

అక్కడ "టాక్ స్టోరీ" అంటారు. తోటల కాలం నుంచి వచ్చిన పిడ్జిన్ (అక్కడి కలగలుపు భాష) మాట, మన అరుగు మీద కబుర్లు అనుకోండి. ప్రశ్నల జాబితా ఇంట్లో పెట్టి వెళ్ళండి. మీకు కావలసింది రెండు నిమిషాల వీడియో కావచ్చు, రెండు గంటలు వినడానికి సిద్ధపడండి. ఆంటీ ఆ రోజు నీటి హక్కుల గురించి చెప్తుందని వెళ్తే, నలభై నిమిషాలు వాళ్ళ అమ్మమ్మ పొయి దంచే చప్పుడు గురించే చెప్పింది. రాతి రోకలి చెక్క పలక మీద పడే చప్పుడు, తడి చేత్తో ముద్దని తిప్పేటప్పుడు వచ్చే ఇంకో చప్పుడు, ఆ రెంటి మధ్య అమ్మమ్మ ఊపిరి. నోటితో చేసి చూపించింది. నేను లోపల టెన్షన్ పడుతూనే కూర్చున్నాను, బ్యాటరీ అయిపోతుందేమోనని. ఆ ముక్క ఫైనల్ వీడియోలో లేదు.

మౌనం వస్తే పూరించకండి. వాళ్ళ పిడ్జిన్‌ని దిద్దకండి, దానికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయాలా వద్దా అని వాళ్ళనే అడగండి. శ్రీకాకుళం యాసనో తెలంగాణ యాసనో "శుద్ధం" చేసి పెట్టినప్పుడు ఆ ఊరివాళ్ళకి ఎలా ఉంటుందో మనకి తెలుసు.

అనుమతి ఒకసారి అడిగేసి అయిపోయిందనుకునేది కాదు. రికార్డు చేయనా? ఇది బయట పెట్టనా? దాచి ఉంచనా, ఉంచితే ఎవరు చూడొచ్చు? మూడూ వేరువేరుగా, వేరువేరు రోజుల్లో అడగండి. స్తోత్రం (ఒలి), హులా ఉంటే పాడినవాళ్ళు ఒప్పుకున్నా చాలదు, అది నేర్పిన కుము (గురువు) ఒప్పుకోవాలి. వెనక సంగీతం కోసం హులా ముక్క ఒకటి అతికించేయడం అనేది అసలు ఆలోచించొద్దు.

కొన్ని తీయనే కూడదు. పూర్వీకుల ఎముకలు, సమాధులు ఉన్న చోట్లు. కొన్ని పూజలు. ఇంకా, చాలామందికి తట్టనిది ఒకటి: కుటుంబాలు సముద్రపు నాచు, ఒపిహి గవ్వలు, మయిలె తీగ ఏరుకునే చోట్లు. మీరు మంచి మనసుతో పెట్టిన ఒక్క ఫోటోలో లొకేషన్ ఉంటే వారం తిరక్కుండా అక్కడ కార్లు బారులు తీరతాయి. ఫోటో పెట్టేముందు లొకేషన్ సమాచారం తీసేయండి, వెనకాల కొండ ఆకారం చూసి పోల్చుకునేలా ఉంటే ఆ ఫోటోనే మానేయండి.

మాట ఎంచుకోవడం

2019 జులైలో, తమకి పవిత్రమైన మౌనా కెయా కొండ దారి మీద కూపున కుర్చీలు వేసుకుని కూర్చుని అరెస్టయ్యారు, ముప్పై మీటర్ల టెలిస్కోప్ కట్టడానికి యంత్రాలు పైకి వెళ్ళకుండా. టీవీల్లో చాలావరకు "నిరసనకారులు" అన్నారు. వాళ్ళు తమని తాము కియఇ అన్నారు, కాపలా ఉన్నవాళ్ళు అని. ఈ రెండు మాటల్లో మీరు ఏది రాస్తే మీ కథ ఆ వైపుకి వెళ్ళిపోతుంది. ఆ టెలిస్కోప్‌లో భారతదేశం కూడా భాగస్వామి, కాబట్టి "మీ దేశం కూడా ఉంది కదా" అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే తెలియనట్టు ఉండకండి. సైన్సుకి వ్యతిరేకులు అనే మాట కూడా రాయకండి. 1976లో ఏ పరికరమూ లేకుండా నక్షత్రాలు, అలలు చూసుకుంటూ హోకూలెఅ అనే రెండు దోనెల పడవలో తాహితీ దాకా వెళ్ళిన వాళ్ళు వీళ్ళు. దారి చూపిన మౌ పియాయిలుగ్ మైక్రొనీషియా నుంచి వచ్చినాయన.

మావీ ద్వీపంలోని లాహైనా ఊరి సంగతి ఇంకా దగ్గరిది. 2023 ఆగస్టు 8న ఊరు కాలిపోయింది, 102 మంది చనిపోయారు. తర్వాత వచ్చిన కెమెరాల్లో చాలా భాగం ఊరి మధ్య ఉన్న పెద్ద మర్రిచెట్టు చుట్టూ తిరిగాయి. 1873లో భారతదేశం నుంచి తెచ్చి నాటిన మొక్క అది. మన మర్రి కదా, నా మనసూ అటే లాగింది, నిజం చెప్తున్నాను. కానీ అది నాటింది అక్కడికి క్రైస్తవ మిషన్ వచ్చి యాభై ఏళ్ళయిన సందర్భానికి. అక్కడికి దగ్గర్లోనే మొకుఉల ఉంది, కొలను మధ్య రాజులు ఉన్న పవిత్ర స్థలం. చెరకు తోటల కోసం నీళ్ళు మళ్ళించాక ఆ తడి నేల ఎండిపోయింది, కొలను పూడ్చి పైన ఆటస్థలం వేశారు. ఊరి హవాయియన్లలో చాలామంది మాట్లాడింది ఆ నీళ్ళు తిరిగి రావడం గురించి. చెట్టు చిగురిస్తే అందరికీ సంతోషమే, ఆ ఊరివాళ్ళకీ. కానీ దేన్ని మొదటి ఫ్రేములో పెట్టాలో బయటినుంచి వచ్చినవాళ్ళు తేల్చారు, ఊరివాళ్ళని అడగలేదు. మీరు అడగండి. "మొదట ఏం చూపించమంటారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

"స్వర్గం", "ఎవరికీ తెలియని అందాల చోటు" లాంటి మాటలు కొట్టేయండి. "అలోహ"ని (ప్రేమకీ పలకరింపుకీ వాళ్ళు వాడే మాట) స్టిక్కర్‌లా వాడకండి. 2018లో చికాగో కంపెనీ ఒకటి ఆ మాటని తమ దుకాణం పేరులో పెట్టుకుని, అదే మాట వాడుతున్న ఇతర దుకాణాలకి, హవాయియన్లవి కూడా కలిపి, లాయర్ నోటీసులు పంపింది. ఆ కోపం ఇంకా పోలేదు. "అంతరించిపోతున్న", "దిక్కులేని" అనే మాటలు కూడా వద్దు. బురదలో మీ పక్కన నిలబడి హులి నాటుతున్న మనిషి గురించి అలా ఎలా రాస్తారు?

చేసింది తీసుకెళ్ళి చూపించండి

ప్రచురించే ముందు వాళ్ళింటికి వెళ్ళి చూపించాలి. లింకు పంపి "ఓకేనా?" అంటే కాదు. ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళండి, సాధారణంగా గరాజ్‌లో మడత కుర్చీలు వేసి ఇంటిల్లిపాదీ చేరతారు. పక్కింటివాళ్ళూ వస్తారు. రాసిందైతే పైకి చదివి వినిపించండి. ఎక్కడ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటున్నారో గమనించండి, అక్కడే తప్పుంది. పేర్ల వరస కూడా వాళ్ళనే అడగండి, పెద్దవాళ్ళు ముందు ఉండాలి. "ఇది తీసేయ్" అంటే తీసేయండి, కారణం అడగకండి. మొత్తం వద్దంటే మొత్తం ఆపేయండి. మీ మేనేజర్‌కి ఇది ముందే చెప్పి ఉంచాలి. క్యాలెండర్‌లో దీనికోసం కనీసం మూడు వారాలు అదనంగా పెట్టుకోండి, లేకపోతే చివర్లో మీరే ఇరుక్కుపోతారు.

డబ్బు గురించి క్లుప్తంగా: కూపునకి, భాష చూసిపెట్టినవాళ్ళకి, ఒలి పాడినవాళ్ళకి పారితోషికం బడ్జెట్‌లో మొదటి లైనుగా ఉండాలి. కెమెరా అద్దెకి డబ్బుండి మనిషికి లేకపోవడం ఏమిటి?

విడుదల కూడా ముందు ఊళ్ళోనే చేయండి. బడి మైదానంలో తెర కట్టొచ్చు, పని రోజు భోజనాల తర్వాత చూపించొచ్చు. ఇన్‌స్టాగ్రామ్ ఆ తర్వాత. తమ కథని తమకన్నా ముందు ఎవరో టెక్సాస్ నుంచి లైక్ కొట్టారని తెలిస్తే ఎవరికైనా బాధే. అయితే హవాయియన్లలో సగం మందికి పైగా ఇప్పుడు అమెరికా ప్రధాన భూభాగంలోనే ఉన్నారు, ఇళ్ళ ధరలు తట్టుకోలేక వెళ్ళినవాళ్ళే ఎక్కువ. కాబట్టి వాళ్ళ కుటుంబాల వాట్సాప్ గ్రూపులకీ అదే రోజు చేరేలా చూడండి.

ఫైళ్ళు

ఎడిటింగ్ అయిపోయిందని రా ఫైళ్ళు చెరిపేయకండి. రెండు హార్డ్ డ్రైవ్‌లు కొనండి, ఒకటి కుటుంబానికి. ప్రతి ఫైలు పేరులో మనిషి పేరు, ఊరు, తేదీ ఉండాలి. పక్కన ఒక కాగితం మీద ఎవరు దేనికి ఒప్పుకున్నారో, ఏది బయట పెట్టొద్దన్నారో, తర్వాత ఎవరిని అడగాలో రాసి పెట్టండి. "తర్వాత ఎవరిని అడగాలి" అన్న గడి తప్పకుండా నింపించుకోండి, అడగడానికి ఇబ్బందిగా ఉన్నా సరే. పెద్దవాళ్ళు కన్నుమూసినప్పుడు వాళ్ళ వీడియోలన్నీ వెంటనే కనబడకుండా చేసి, కుటుంబాన్ని కలిసి, ఉంచమంటారా తీసేయమంటారా అని అడగండి. కొందరు ఏడాది ఆగమంటారు, కొందరు ఇవాళే మళ్ళీ పెట్టమంటారు.

మా ఆంటీ పోయినప్పుడు ఆవిడ మనవరాలు ఫోన్ చేసింది. నీటి హక్కుల వీడియో కావాలేమో అనుకుని లింకు వెతుకుతున్నాను. అది కాదు, పొయి చప్పుడు గురించి మామ్మ ఏదో చెప్పిందట కదా, అది ఉందా అని అడిగింది. ఉంది, పేరు, ఊరు, తేదీతో సహా ఉంది. నలభై నిమిషాలూ అలాగే ఇచ్చాను. గరాజ్‌లో స్పీకర్ పెట్టి వినిపించారు. ఆంటీ నోటితో రోకలి చప్పుడు చేస్తుంటే, ఆ ఇంట్లో చిన్నపిల్లాడు ఒకడు గిన్నె మీద అదే లెక్కలో అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు.